ముందు నీళ్ల సంగతి రాయమ్మా

చిరంజీవి అమ్మాయికి,

ఎడారి చేపల మీద నీ వ్యాసం అందింది. వాక్యం బాగా నడుస్తోంది. కానీ రెండో పేజీలో కాలిఫోర్నియా ఎడారిలోని డెత్ వ్యాలీ లోయ మీద మంచు పలకలు పరిచేశావు చూడు, అక్కడ నాకు చిర్రెత్తుకొచ్చింది. ప్లైస్టోసీన్, అంటే మంచుయుగం, అనగానే భూమంతా గడ్డకట్టించేస్తే ఎలా? ఆ ఎడారికి ఆ యుగం తెచ్చింది నీళ్లు. ఎండ తీవ్రత తగ్గింది, వానలు పెరిగాయి, సియెరా నెవాడా కొండల మీది మంచు కరిగి ఏరులై దిగింది. ఇప్పుడు ఉప్పు పర్రగా ఉన్నచోట వంద కిలోమీటర్లకు పైగా పొడవున మాన్లీ సరస్సు నిలిచింది. ఆ నీళ్లు ఎండిపోయాక సిప్రినోడాన్ అనే చిట్టి చేపలు (పప్‌ఫిష్) ఊటల్లో, వాగుల్లో ఎక్కడివక్కడ చిక్కుకుపోయాయి. వేసవిలో మన ఊరి చెరువు ఎండితే చేపపిల్లలు గుంటల్లో మిగలవూ, అలాగన్నమాట. దేని గుంటలో అది వేరే జాతిగా మారింది. ఇదీ అసలు కథ. నువ్వేమో దీన్ని ఒక్క వాక్యంలో తేల్చేసి, 'అద్భుతం' అని నాలుగుసార్లు రాశావు.

జీవి గురించి రాసేవాళ్లు ముందు దాని నీళ్లు ఎటునుంచి వచ్చి ఎటు పోయాయో చెప్పాలి. ఈ మాట మీద నేను ఎడిటర్లతో గొడవలు పడ్డాను. కొల్లేరు మీద నేను రాసిన వ్యాసంలో ఉప్పుటేరు గురించిన పేరా మొత్తం కోసేసి, 'ప్రకృతి ఒడి' అని వాళ్లే చేర్చి అచ్చేశారు. ఇప్పటికీ కడుపు మండుతుంది.

నెవాడాలో డెవిల్స్ హోల్ అనే నీటి గుహలో ఈ రకం అంగుళం చేప 33 డిగ్రీల నీళ్లలో బతుకుతుంది. మేతకీ గుడ్లకీ దానికున్నది ఒక్క రాతి అరుగు. పక్కన బోర్లు తోడేస్తే ఆ అరుగు బయటపడింది. చివరికి 1976లో అమెరికా సుప్రీంకోర్టు నీటిమట్టాన్ని కాపాడమంది. ఇది నీ వ్యాసంలో లేనే లేదు! 1969లో కాలిఫోర్నియాలోని ఓవెన్స్ లోయలో మడుగు ఎండిపోతుంటే, ఫిల్ పిస్టర్ అనే జీవశాస్త్రవేత్త ఒక చేపజాతి మొత్తాన్ని రెండు బకెట్లలో మోసుకెళ్లాడు. అదీ లేదు.

వ్యాసం ఏ పత్రికకి పంపాలి, ఎంత ఇస్తారు అని అడిగావు, ఆ ప్రశ్నలు తర్వాత. డెవిల్స్ హోల్ చేప అక్కడికి చేరి 'సరిగ్గా ఇరవై వేల ఏళ్లు' అని రాశావు. ఆ లెక్క తీసెయ్. పది వేల ఏళ్ల పైమాటేనని కొందరు, వెయ్యేళ్లలోపేనని జన్యువులు చదివిన మరికొందరు వాదిస్తున్నారు. రెండోదే నిజమైతే ఆ ఒక్క చేపని మంచుయుగం నేరుగా అక్కడ వదల్లేదన్నమాట. ఆ తగువు మొత్తం వ్యాసంలో పెట్టి మళ్లీ పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు