తాత డబ్బీని తోమకండి

ప్రశ్న: మా నానమ్మ సందుగలో ఒక ఇత్తడి డబ్బీ దొరికింది. మూత మీద ఒక ఆడపిల్ల ముఖం, కింద 1914 అని ఉంది. చాలా ఏళ్ళు దాంట్లో పోకలు పెట్టుకున్నారట, ఇప్పుడు మడతపడ్డ అట్టముక్క ఒకటి మాత్రం ఉంది. ముత్తాత ఫౌజులో చేరి సముద్రం దాటాడని ఇంట్లో చెప్పుకుంటారు. దసరా సామాన్లతో పాటు చింతపండుతో తోమి షోకేసులో పెడదామని అమ్మ అంటోంది, లండన్‌లో అమ్మిపెడతానని బావ అంటున్నాడు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ముందు అమ్మగారిని ఆపండి. చింతపండు వద్దు, నిమ్మకాయ వద్దు, పీతాంబరి అసలే వద్దు. ఆ బొమ్మ పల్చటి రేకు మీద అచ్చుతో నొక్కినది, గట్టిగా రుద్దితే ముక్కు, జుట్టు, అక్షరాల అంచులు అరిగిపోతాయి, ఆ తర్వాత పెంబర్తి పనివాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళినా పాత రూపం రాదు. పొడి మెత్తటి బట్టతో దుమ్ము తుడిస్తే చాలు.

ఆ ముఖం బ్రిటన్ రాజు ఐదో జార్జి కూతురు మేరీది. అప్పటికి ఆమెకు 17 ఏళ్ళు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఉన్నవాళ్ళకి క్రిస్మస్ కానుక పంపాలని 1914 అక్టోబరులో ఆమె పేరు మీద చందాలు అడిగితే లక్షా 62 వేల పౌండ్లకు పైగా వచ్చాయి. మీ డబ్బీ ఆ కానుకలోదే. పొగతాగే వాళ్ళకి పైపు, పొగాకు, 20 సిగరెట్లు, లైటరు, తాగని వాళ్ళకి పుల్లటి బిళ్ళలు, పెన్సిలు, ఉత్తరాల కాగితాలు. మన వాళ్ళ సంగతి వేరు, నాకు ఈ కథలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే: సిక్కులు పొగాకు ముట్టరు కాబట్టి వాళ్ళకి కలకండ, చిన్న రేకుడబ్బాలో మసాలా దినుసులు పెట్టారు, గూర్ఖాలకి బ్రిటిష్ సైనికులతో సమానంగా ఇచ్చారు, మిగతా భారతీయ సిపాయిలకి సిగరెట్లు, కలకండ, మసాలాలు మూడూ. నీళ్ళు మోసే భిస్తీల్లాంటి వాళ్ళకి మాత్రం మసాలా డబ్బా, శుభాకాంక్షల కార్డు, అంతే. ఎవరు ఏం తింటారో అంత ఆలోచించిన వాళ్ళు భిస్తీ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి వెనక్కి తీసుకోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

మీ అట్టముక్క కానుకతో పాటు ఇచ్చిన ఆ శుభాకాంక్షల కార్డే కావచ్చు. బలవంతంగా విప్పకండి, సెల్లోటేపు అంటించకండి. ఖాళీ డబ్బీలు చాలా దొరుకుతాయి, కార్డుతో ఉన్నవి తక్కువ.

డబ్బీ మీద సైనికుడి పేరు ఉండదు, పైగా తర్వాత ఇండియాలో ఉన్న దళాలకూ వీటిని పంచారు, కాబట్టి డబ్బీ ఒక్కటి చూసి ముత్తాత ఫ్రాన్స్ వెళ్ళాడని చెప్పలేం. వెళ్ళే అవకాశం మాత్రం ఉంది: సికింద్రాబాద్ అశ్వికదళ బ్రిగేడ్‌లో భాగంగా 20వ డెక్కన్ హార్స్ అనే గుర్రపు దళం 1914లోనే ఫ్రాన్స్ చేరింది, నిజాం లాన్సర్లు (హైదరాబాద్ గుర్రపు దళం) ఈజిప్టు వైపు వెళ్ళారు. అదే సందుగలో పతకం ఏదైనా ఉందేమో వెతకండి, చాలా యుద్ధ పతకాల అంచు మీద పేరు, దళం చెక్కి ఉంటాయి. బ్రిటిష్ వార్ మెడల్ అనే పతకమైతే, వెండిది సిపాయిది, కంచుది చాలావరకు భిస్తీల్లాంటి సహాయకులది. నానమ్మ ఉంటే, ఆమెకి గుర్తున్నదంతా ఈ వారమే ఫోన్‌లో రికార్డు చేయండి.

ఇక అమ్మకం. ఇలాంటివి మొత్తం 25 లక్షలకు పైగా పంచారు, లక్షలు వస్తాయని ఆశ పెట్టుకోకండి. పైగా వందేళ్ళు దాటిన వస్తువు 1972 పురావస్తు చట్టం కిందికి వస్తుంది, మీ బావగారు సూట్‌కేసులో పెట్టుకుని దేశం దాటించడం నేరం. ఇంట్లోనే ఉంచుకోండి అని నా గట్టి సలహా.

ప్రశ్న: ఇలాంటి డబ్బీయే ఆన్‌లైన్‌లో చూశాను, కానీ ఇత్తడి కాదు, పూత పూసిన వేరే లోహం. నకిలీయా?
– ఒక సేకరణకర్త, కరీంనగర్

జవాబు: అంత మాత్రాన నకిలీ అనలేం. యుద్ధంలో ఇత్తడికి కరువొచ్చింది, డబ్బీల కోసం అమెరికా నుంచి వస్తున్న ఇత్తడి 1915 మేలో లూసిటానియా ఓడతో పాటు మునిగిపోయింది, తర్వాతివి కొన్ని నాసిరకం లోహంతో చేసి పూత వేశారు. అయితే కొత్తగా చేసిన నకళ్ళు కూడా తిరుగుతున్నాయి. అసలుది సుమారు 5 అంగుళాల పొడవు, మూడుంపావు వెడల్పు ఉంటుంది. స్కేలు పక్కన పెట్టి తీసిన ఫొటో, మూత లోపలి వైపు ఫొటో, మడతబందు ఫొటో అడగండి. పంపనంటే డబ్బు కట్టకండి.