రాజీనామా రిజిస్టర్డ్ పోస్టులో వెళ్లిందా?

ప్రశ్న: నాందేడ్ జిల్లా ధర్మాబాద్ దగ్గర ప్రైవేటు ఎయిడెడ్ హైస్కూల్లో 21 ఏళ్లుగా లెక్కలు చెబుతున్నాను. వయసు 48. ఏడాదిగా నెలసరి గతి తప్పింది. విపరీతమైన రక్తస్రావం, రాత్రుళ్లు నిద్ర లేదు, క్లాసులో ఉన్నట్టుండి ఒళ్లంతా సెగలు. బోర్డు మీద లెక్క మధ్యలో మరిచిపోతున్నాను. హెడ్‌మాస్టర్ పిలిచి ‘గౌరవంగా తప్పుకోండి’ అని, క్లర్కు మరాఠీలో టైపు చేసిన కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. వారానికి ‘రాజీనామా ఆమోదించాం’ అని పోస్టులో ఉత్తర్వు వచ్చింది. అది అంది 23 రోజులైంది. మెనోపాజ్‌కు సెలవు హక్కు లేదా? సంతకం పెట్టిన రోజు నాకు మతిస్థిమితం లేదని పాత తేదీతో సర్టిఫికెట్ ఇప్పిస్తానంటున్నాడు మా మరిది. తీసుకోమంటారా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం నిండా సెగలే. కేసు అక్కడ లేదు. మెనోపాజ్‌కని విడిగా సెలవిచ్చే చట్టం లేదు. మెటర్నిటీ సెలవు నిబంధనలు కాన్పు, గర్భస్రావం లాంటివాటి దగ్గరే ఆగిపోతాయి. జబ్బు సెలవు పెట్టుకోవచ్చు, ఏడాది పొడవునా మీరు ఒక్క దరఖాస్తూ పెట్టినట్టు రాయలేదు.

తేలాల్సింది ఒకటే: ఆ కాగితం యాజమాన్యానికి ఎలా చేరింది? మహారాష్ట్ర ప్రైవేటు పాఠశాలల ఉద్యోగుల చట్టం, 1977లో 7వ సెక్షన్ చూడండి. రాజీనామా రెండు ప్రతులు రాయాలి, రెంటి మీదా సంతకం, తేదీ ఉండాలి. ఒకటి రిజిస్టర్డ్ పోస్టులో యాజమాన్యానికి పంపాలి, రెండోది ఉద్యోగి దగ్గరే ఉండాలి. ఇలాంటి హెడ్‌మాస్టర్ గదులను దృష్టిలో పెట్టుకునే ఆ సెక్షన్ రాశారేమో అనిపిస్తుంది నాకు. మీరు పోస్టాఫీసు గడప తొక్కలేదు, మీ దగ్గర ప్రతీ లేదు. లెక్క చదవకుండా జవాబు రాసే పిల్లాణ్ణి మీరు ఊరుకుంటారా? కాగితం సరిగ్గా చూడకుండా సంతకం పెట్టి మీరు చేసిందీ అదే. కాకపోతే ఈసారి రిజిస్టర్డ్ పోస్టూ, రెండో ప్రతీ లేని లోపం అవతలివాళ్లకే ఎక్కువ ఇబ్బంది.

ఇక గడువు. అదే చట్టం 9వ సెక్షన్ కింద స్కూల్ ట్రిబ్యునల్‌కు (ఇలాంటి ఉద్యోగ వివాదాలు విచారించే న్యాయస్థానం) అప్పీలు, ఉత్తర్వు అందిన రోజు నుంచి 30 రోజుల్లోపు. మీకు మిగిలింది వారం. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం ట్రిబ్యునల్‌కు ఉంది గానీ, దాని మీద ఆశ పెట్టుకుని కూర్చోకండి. ఉత్తర్వు వచ్చిన కవరు పారేశారా? పారేస్తే వెతకండి, అందిన తేదీకి సాక్ష్యం అదే.

మీ మరిది సర్టిఫికెట్ జోలికి మాత్రం పోవద్దు. పాత తేదీ బయటపడితే మీరూ ఆ డాక్టరూ ఇద్దరూ క్రిమినల్ కేసులో ఇరుక్కుంటారు. బయటపడకపోతే మరీ ప్రమాదం. మతిస్థిమితం లేని టీచరుకు పిల్లల్ని ఎలా అప్పగిస్తామని యాజమాన్యం మీ కాగితంతోనే మిమ్మల్ని కొడుతుంది.

సంతకం ఇష్టపూర్వకంగానే పెట్టారని వాళ్లు వాదిస్తారు, అప్పుడు పనికొచ్చేవి అసలు కాగితాలే. నిజామాబాద్‌లోనో నాందేడ్‌లోనో చూపించుకున్న ఓపీ చీటీలు, స్కానింగ్, హిమోగ్లోబిన్ రిపోర్టు, మందుల బిల్లులు ఏ తేదీతో ఉంటే ఆ తేదీతోనే పెట్టండి. పోయినవాటికి ఆసుపత్రిలో నకళ్లు అడగండి. హెడ్‌మాస్టర్ వాట్సాప్ మెసేజీలుంటే చెరపొద్దు, ఫోన్ మార్చొద్దు. వాటిని దాఖలు చేయడానికి భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డుల ధ్రువీకరణ పత్రం కావాలి.

ఈలోగా ‘దయతలచి మళ్లీ తీసుకోండి’ అని ఉత్తరం రాయకండి, రాజీనామా నిజమేనని ఒప్పుకున్నట్టవుతుంది. ఫైనల్ సెటిల్‌మెంట్ కాగితాల మీద కూడా సంతకం పెట్టకండి. సర్వీసు కేసులు చూసే వకీలు దగ్గరికి రేపే వెళ్లండి, ఆ కవరు తీసుకుని.