ఖర్చులు ఎవరివి? ఎవరికి?

సందేహం: మా నాన్నగారిపై పొరుగువారు వేసిన ప్రహరీగోడ దావాలో తీర్పు వచ్చింది. కన్నడ నకలులో ‘వెచ్చ సహిత వజా’ అని ఉంది. వజా అంటే మనకు తగ్గింపు కదా, ఖర్చులు తగ్గించారా? తెలుగులో ‘దావా ఖర్చులతో కొట్టివేయడమైనది’ అనాలా? ‘జరిమానా’ అనవచ్చా?
– ఒక పాఠకురాలు, మల్లేశ్వరం, బెంగళూరు

సమాధానం: నాన్నగారిని నిశ్చింతగా ఉండమనండి. గెలిచింది మీరే, ఖర్చులూ మీకే రావాలి. వజా మనకు లెక్కల మాట: మొత్తంలోంచి తీసివేయడం. కన్నడంలో ఆ అర్థంతోపాటు దావా కొట్టివేయడానికీ అదే మాట. వెచ్చ అంటే అక్కడ ఖర్చు; మన ఇళ్లలో వెచ్చాలంటే ఉప్పూ పప్పూ.

‘ఖర్చులతో కొట్టివేయడమైనది’ కోర్టు తెలుగులో పాతుకుపోయిన వాక్యం. తప్పనలేను గానీ నాకు నచ్చదు. ఆ ‘తో’ వల్ల ఖర్చులు కూడా కొట్టివేతలో పోయినట్టు వినిపిస్తుంది. ఎవరు ఎవరికి ఇవ్వాలో అందులో లేదు. డబ్బు చేతులు మారే వాక్యంలో ఇచ్చేవారు కనబడి తీరాలి. ‘దావా కొట్టివేయడమైనది. ప్రతివాది ఖర్చులను వాది చెల్లించాలి’ అని రాయండి.

జరిమానా అనవద్దు. అది నేరానికి వేసే శిక్ష. ఖర్చులు ఎదుటి పక్షానికి ఇప్పించేవి. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 35వ సెక్షన్ ప్రకారం ఎవరు, ఎంత ఇవ్వాలన్నది న్యాయమూర్తి విచక్షణ. మామూలుగా ఓడినవారే ఇస్తారు. అలా వద్దనుకుంటే న్యాయమూర్తి కారణాలు రాతపూర్వకంగా చెప్పాలి. ఇద్దరి వాదనల్లోనూ కొంత న్యాయం ఉన్నప్పుడు ‘ఎవరి ఖర్చులు వారే భరించాలి’ అంటారు. ఎంత చక్కని తెలుగు వాక్యం!

అయితే వకీలుకు ఇచ్చినదంతా తిరిగి వస్తుందని ఆశపడకండి. కోర్టు ఫీజు, సమన్ల రుసుము వంటివాటితో పాటు వకీలు ఫీజు నిబంధనల మేరకే లెక్కకు వస్తుంది. ఢిల్లీ హైకోర్టు ఒక కేసులో 45 లక్షల రూపాయలకు పైగా ఖర్చులు ఇప్పిస్తే, నిబంధనలను దాటి అలా ఇప్పించడం కుదరదని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. తెలిసి తెలిసీ అబద్ధపు దావా వేసినవారి నుంచి 35ఎ సెక్షన్ కింద ఇప్పించే పరిహారానికి పరిమితి 3,000 రూపాయలు. ఈ రోజుల్లో అది ఏ మూలకు?

మీ డిక్రీ నకలు తీసుకోండి. అందులో వాది ఖర్చులు, ప్రతివాది ఖర్చులు విడివిడిగా పట్టికలో ఉంటాయి. ప్రతివాది వైపు వేసిన మొత్తమే మీ నాన్నగారికి రావలసింది.