స్ట్రాస్‌బర్గ్ కోర్టు శిక్షను కొట్టేయదు, కానీ దారి ఉంది

మీ తమ్ముడికి జర్మనీలో పడిన శిక్షను స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల కోర్టు రద్దు చేస్తుందా అని అడిగారు కదండీ, నేరుగా రద్దు చేయదు. అది ఇంకో అప్పీలు కోర్టు కాదు. విచారణ న్యాయంగా జరిగిందా, అంటే లాయరు, దుబాసీ దొరికారా, సాక్షులను ప్రశ్నించనిచ్చారా అన్నదే చూస్తుంది. న్యాయమైన విచారణ హక్కునిచ్చే యూరోపియన్ మానవ హక్కుల ఒప్పందంలోని ఆరో అధికరణాన్ని ఉల్లంఘించారని తేలి, శిక్ష కూడా దాని మీదే ఆధారపడి ఉంటే, కేసు తిరిగి తెరవమని జర్మన్ కోర్టునే అడగొచ్చు. భారత పౌరుడైనా ఫర్వాలేదు.

అయితే ముందు కార్ల్స్‌రూహేలోని జర్మనీ రాజ్యాంగ కోర్టుకు వెళ్లాలి, దానికి అప్పీలు తీర్పు చేతికొచ్చినప్పటి నుంచి నెల రోజులే గడువు, నాకు టెన్షన్ అంతా దీని గురించే. అక్కడా కాదంటే స్ట్రాస్‌బర్గ్‌కు 4 నెలలు (పాత సమాచారంలో 6 అని ఉంటుంది, 2022 ఫిబ్రవరి 1 నుంచి మారింది). ఫీజు లేదు. అప్పీలు తీర్పు ఏ తేదీన చేతికొచ్చిందో ఇవాళే లాయరును అడగండి.