ఇల్లు చేతులు మారింది, అద్దెకున్నవారి మాటేమిటి?

ప్రశ్న: మేము కూకట్‌పల్లిలో ఒక ఫ్లాటులో రెండేళ్లుగా అద్దెకుంటున్నాము. అద్దె నెలకు 16,000 రూపాయలు, అడ్వాన్సుగా 48,000 ఇచ్చాము. మూడేళ్లు ఉండవచ్చని వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాసుకుని నోటరీ చేయించాము గాని రిజిస్ట్రేషన్ చేయించలేదు. పోయిన నెలలో ఓనరు గారు మాకు మాటమాత్రంగానైనా చెప్పకుండా ఫ్లాటు అమ్మేశారు. కొన్నవారు వచ్చి, పాత ఒప్పందంతో తమకు సంబంధం లేదని, పది రోజుల్లో ఖాళీ చేయకపోతే కరెంటు తీయించి తాళం వేస్తామని అంటున్నారు. మా అమ్మాయికి మార్చిలో పదో తరగతి పరీక్షలు. అద్దె ఎవరికివ్వాలి? అడ్వాన్సు ఎవరిస్తారు? ముందు మాకు అమ్మజూపవలసిన బాధ్యత ఓనరుకు లేదా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ముందుగా ఆ బెదిరింపు సంగతి చెబుతాను, ఎందుకంటే మీ ఇంట్లో నిద్ర పట్టనివ్వనిది అదే. కొన్నవారు మీ ఇంటికి తాళం వేయలేరు. స్థిరంగా నివాసముంటున్న మనిషిని, అతనికి అక్కడ ఉండే హక్కు తీరిపోయిందనుకున్నా సరే, కోర్టు ద్వారా తప్ప యజమాని బయటికి పంపకూడదని సుప్రీంకోర్టు 1989లో స్పష్టంగా చెప్పింది. బలవంతంగా బయటపెడితే, ఆ రోజు నుంచి ఆరు నెలల్లోగా నిర్దిష్ట పరిహార చట్టం 6వ సెక్షన్ కింద దావా వేసి తిరిగి స్వాధీనం పొందవచ్చు. ఆ దావాలో ఇల్లు ఎవరిదన్న చర్చే రాదు. మిమ్మల్ని చట్టప్రకారం కాకుండా వెళ్లగొట్టారా లేదా అన్నదే చూస్తారు. అంతవరకు రానివ్వకుండా, కరెంటు, నీళ్లు ఆపకుండా ఇప్పుడే సివిల్ కోర్టులో ఇంజంక్షన్, అంటే అలా చేయవద్దనే నిషేధపుటుత్తర్వు, కోరే దారీ ఉంది.

ఇక అసలు విషయం. అమ్మకంతో మారేది యజమాని మాత్రమే, అద్దె సంబంధం తెగిపోదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 109వ సెక్షన్ ప్రకారం, కొన్నవారు పాత యజమాని స్థానంలోకి వస్తారు. వేరే ఒప్పందం లేనంతవరకు ఆయనకున్న హక్కులన్నీ వీరికి వస్తాయి, అద్దెదారు కోరుకుంటే ఆయన బాధ్యతలూ వీరి మీదికి వస్తాయి. మీతో కొత్తగా కాగితం రాసుకోలేదన్న వాదన ఇక్కడ చెల్లదు. ఇంట్లో అద్దెకున్నవారున్నారని తెలియక కొన్నామన్న మాట కూడా నిలవదు, ఎందుకంటే ఆస్తి ఎవరి స్వాధీనంలో ఉందో వారికున్న హక్కు గురించి కొనేవారికి తెలిసినట్టే చట్టం భావిస్తుంది.

అయితే మీరు ధీమాగా ఉన్న మూడేళ్ల గడువు విషయంలో మాత్రం నేను మిమ్మల్ని భ్రమలో ఉంచలేను. ఏడాదికి మించిన లీజు రిజిస్టరు అయి తీరాలని అదే చట్టం 107వ సెక్షన్ చెబుతోంది. నోటరీ ముద్ర రిజిస్ట్రేషన్‌కు బదులు కాదు. ఈ శీర్షికకు ఉత్తరాలు రాసేవారిలో చాలామంది నష్టపోయేది ఈ ఒక్క పొరపాటు వల్లనే, సబ్ రిజిస్ట్రారు కార్యాలయం దాకా వెళ్లడానికి బద్ధకించి కాదు, నోటరీతో పని పూర్తయిందని ఎవరో నమ్మకంగా చెప్పడం వల్ల. మీరు ఇంట్లో ఉండి నెలనెలా అద్దె కడుతున్నారు కాబట్టి అద్దెదారులే, కానీ చట్టం దృష్టిలో మీది నెలవారీ అద్దె. దాన్ని రద్దు చేయడానికి 106వ సెక్షన్ కింద 15 రోజుల రాతపూర్వక నోటీసు చాలు. ఆ గడువు నోటీసు మీకు అందిన తేదీ నుంచి లెక్కకు వస్తుంది. నోటి మాటగా చెప్పిన పది రోజులకు విలువ లేదు. నోటీసు గడువు ముగిసినా మీరు ఖాళీ చేయకపోతే వారు కోర్టులో దావా వేసుకోవాలి. అలాగని ఏళ్ల తరబడి సాగదీయవచ్చని అనుకోకండి. గడువు దాటి ఉన్న కాలానికి అప్పటి మార్కెట్ అద్దె లెక్కన నష్టపరిహారం కట్టమని కోర్టు ఆదేశించవచ్చు.

అద్దె నియంత్రణ చట్టం కాపాడదా అని మీరు అడగవచ్చు. 1960 నాటి ఆ చట్టం తెలంగాణలో ఉన్నప్పటికీ, 2005 సవరణ తర్వాత నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దెలకు అది వర్తించదు. ఈ కాలంలో హైదరాబాదులో ఆ మొత్తానికి ఒక గది దొరకడమే కష్టం. ఆ పరిమితి సామాన్య అద్దెదారుకు అన్యాయం చేస్తోందనే నా అభిప్రాయం.

అద్దె ఇచ్చే ముందు కొన్నవారిని సేల్ డీడ్ నకలు అడగండి, ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలను చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించి చూసుకోండి, ఇకపై అద్దె వారికే ఇవ్వమని పాత ఓనరు చేత రాయించుకోండి. తర్వాత బ్యాంకు ద్వారానే చెల్లించండి, ఒక్క నెల కూడా ఆపవద్దు. అడ్వాన్సు తీసుకున్నది పాత ఓనరు కాబట్టి, అమ్మేసినంత మాత్రాన ఆయన దులిపేసుకోలేరు. కొత్తవారినే బాధ్యులుగా మీరు ఒప్పుకుంటే తప్ప ఆయన బాధ్యత పోదు. అందుచేత ఆ 48,000 ఎవరి దగ్గర ఉందో, ఎవరు తిరిగి ఇస్తారో ముగ్గురూ సంతకం చేసిన కాగితం వచ్చేవరకు ఆ మాటకు ఒప్పుకోకండి.

ముందుగా మీకే అమ్మజూపాలన్న నియమం ఇళ్ల అద్దెల్లో లేదు, ఒప్పందంలో రాసుకుంటే తప్ప. 1950 నాటి తెలంగాణ కౌలు చట్టం రక్షిత కౌలుదారుకు అలాంటి మొదటి అవకాశం ఇచ్చింది గాని, అది వ్యవసాయ భూముల సంగతి.

మీ పరిస్థితిలో నేనైతే, అద్దె సక్రమంగా కడతామని, ఏప్రిల్ చివరికి ఖాళీ చేస్తామని తేదీ వేసి కొన్నవారికి స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపుతాను. కోర్టుకెళ్లినా అంతకన్నా ముందుగా ఇల్లు చేతికి రావడం కష్టమని వారి వకీలే వారికి చెబుతారు.

ప్రశ్న: మా ఓనరు ఇల్లు అమ్మినట్టు మూడు నెలల తర్వాత తెలిసింది. అప్పటిదాకా అద్దె ఆయన ఖాతాకే పంపాను. ఆ మూడు నెలల అద్దె తమకు మళ్లీ కట్టమని కొత్తవారు అడుగుతున్నారు.
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: కట్టనక్కరలేదు. అమ్మకం జరిగిందని అనుకోవడానికి కారణమేదీ లేనప్పుడు పాత యజమానికి ఇచ్చిన అద్దెను కొన్నవారికి రెండోసారి చెల్లించే బాధ్యత అద్దెదారుకు లేదని అదే 109వ సెక్షన్ చెబుతోంది. ఆ సొమ్ము వారు పాత ఓనరు దగ్గరే వసూలు చేసుకోవాలి. అమ్మకానికి ముందు మీరేమైనా బాకీ పడి ఉంటే అదీ పాత ఓనరుకే చెందుతుంది. ఆ మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు, అమ్మకం సంగతి మీకు మొదట తెలిపిన ఉత్తరం గాని వాట్సాప్ సందేశం గాని తేదీతో సహా భద్రపరచుకోండి. ఆ తేదీ తర్వాతి అద్దె మాత్రం కొత్తవారికే ఇవ్వాలి.