టైర్ లైటు వెలిగితే ముందు గేజ్, తర్వాతే రీసెట్

అమెరికా వచ్చి మొదటి చలికాలంలోకి అడుగుపెట్టిన ప్రతి కుర్రాడూ నాకు ఓ పొద్దున్నే ఫోన్ చేస్తాడు. "అన్నా, డాష్‌బోర్డ్‌లో గుర్రపునాడా లాంటి బొమ్మ, మధ్యలో ఆశ్చర్యార్థకం. పసుపు లైటు. బండి తియ్యొచ్చా?"

ముందు కిందికి దిగి నాలుగు టైర్లూ చూడండి. ఏదైనా నేలకు అతుక్కుపోయినట్టు కూర్చుంటే తియ్యొద్దు. అన్నీ బాగానే కనిపిస్తే టెన్షన్ వద్దు, కానీ గాలి మాత్రం ఆ రోజే చూసుకోండి. ఇక్కడి నిబంధన ప్రకారం ఉండాల్సిన గాలిలో 25 శాతం తగ్గేసరికి ఈ లైటు వెలిగితే చాలు. 36 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడిని ఇక్కడ ఈ లెక్కలోనే కొలుస్తారు) ఉండాల్సిన టైరు 27కి దిగిపోయినట్టన్నమాట. కొన్ని బండ్లు ముందే చెబుతాయి, అన్నీ చెప్పవు. లైటు లేదు కదా అని గాలి చూడటం మానేస్తే 30తోనే నెలలు తిరిగేస్తారు.

చలికే ఎందుకంటే, ఉష్ణోగ్రత 10 డిగ్రీల ఫారెన్‌హీట్ పడితే టైరులో సుమారు 1 పీఎస్‌ఐ తగ్గుతుంది. కాసేపు నడిపితే టైరు వేడెక్కి లైటు ఆరిపోతుంది. హమ్మయ్య అనుకుంటాం. మర్నాడు పొద్దున మళ్లీ హాజరు.

ఎంత కొట్టాలి? నేను కొత్తలో టైరు పక్కన అచ్చేసిన 51 చూసి, అంతా కొట్టేశాను. చిన్న గుంతకే బండి ఎగిరెగిరి పడింది. అది ఆ టైరు తట్టుకునే గరిష్ఠం. మనకు కావాల్సిన అంకె డ్రైవర్ తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద స్టిక్కర్‌లో ఉంటుంది. ముందు టైర్లకు ఒకటి, వెనక టైర్లకు ఒకటి ఉండొచ్చు. అది చల్లటి టైరు లెక్క, అంటే బండి కనీసం 3 గంటలు ఆగి ఉండాలి. అందుకే గాలి కొలిచే గేజ్ సొంతంగా ఒకటి కొనుక్కుని, పొద్దున్నే బండి కదలకముందే చూసుకోమంటాను.

ఇక రీసెట్. అసలు తికమక ఇక్కడే. కొన్ని బండ్లకు చక్రం లోపలే గాలిని కొలిచే సెన్సార్ ఉంటుంది. వాటిలో చాలావరకు గాలి సరిచేసి కొంతదూరం నడిపితే లైటు దానంతటదే పోతుంది. ఇంకొన్నింటిలో గాలి కొలిచేది ఏదీ ఉండదు. గాలి తగ్గిన చక్రం కాస్త చిన్నదై మిగతావాటికంటే ఎక్కువ చుట్లు తిరుగుతుంది కదా, బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ సెన్సార్లతో బండి ఆ తేడా పసిగడుతుంది. దానికి "ఇదీ సరైన గాలి" అని మనమే చెప్పాలి. రీసెట్ అంటే అదే. గాలి కొట్టకుండా మెనూలోకి వెళ్లి రీసెట్ నొక్కామనుకోండి, తక్కువ గాలినే సరైనదని నేర్చుకుని నోరుమూసుకుంటుంది. నేను చూసిన పొరపాట్లలో ఇదే ప్రమాదకరం. గాలి కొట్టి, రీసెట్ నొక్కి, మాన్యువల్‌లో చెప్పినంతసేపు నడపండి. బటన్ స్టీరింగ్ కింద ఉందో స్క్రీన్‌లో ఉందో కూడా అందులోనే దొరుకుతుంది.

స్టార్ట్ చేయగానే ఆ లైటు నిమిషం, నిమిషంన్నర మిణుకుమిణుకుమని తర్వాత ఆరకుండా వెలుగుతూనే ఉంటే మాత్రం అది గాలి గొడవ కాదు, వ్యవస్థలోనే లోపం. చక్రంలోని సెన్సార్ బ్యాటరీ సాధారణంగా 5 నుంచి 10 ఏళ్లు వస్తుంది. బ్యాటరీ ఒక్కటీ మార్చడానికి వీలుండదు, సెన్సారే మార్చాలి. పాత బండి కొన్నవాళ్లు ఆ పని కొత్త టైర్లు వేయించేటప్పుడే చేయించుకుంటే టైరు రెండుసార్లు విప్పించే బాధ ఉండదు.

అన్నట్టు, వాల్వ్‌కి తళతళలాడే లోహపు మూతలు పెట్టకండి. సెన్సార్ ఉన్న అల్యూమినియం వాల్వ్‌కి అవి తుప్పుతో పట్టేస్తాయి, బలంగా తిప్పితే వాల్వే విరిగి చేతికొస్తుంది. బండితో వచ్చిన ప్లాస్టిక్ మూతలు చాలు.