వ్యాయామమూ నూతిచేదా

సందేహం: ప్రాచీన గ్రీకుల చదువులను గురించి మా పాఠశాల పత్రికకు వ్యాసం రాస్తూ, అక్కడి మల్లశాలల్లో బాలురు పొందిన శిక్షణను 'వ్యాయామ విద్య' అన్నాను. ఒళ్ళు అలిసే ప్రతి పనీ వ్యాయామమేననీ, నూతిలో నీళ్ళు తోడడం కూడా దాని కిందికే వస్తుందనీ, కాబట్టి 'క్రీడావిద్య' అని మార్చమనీ మా సహోపాధ్యాయులు ఒకరు అంటున్నారు. ఏది సాధువు?
– ఒక ఉపాధ్యాయిని, తెనాలి

సమాధానం: అమ్మా, మీరు వాడిన మాటే సాధువు. అయితే మీ సహోపాధ్యాయుల ఆక్షేపణ కొట్టిపారేయదగినది కాదు. వారు ఎత్తిన నూతిచేద ఉదాహరణ మన వ్యాకరణ గ్రంథాల్లో ఎప్పటినుంచో ఉన్నది.

వ్యాయామ శబ్దంలో వి, ఆఙ్ (అంటే 'ఆ') అనే ఉపసర్గల వెనుక ఉన్నది యమ్ ధాతువు. ధాతువుల పట్టిక అయిన ధాతుపాఠం దానికి ఉపరమం, అనగా నిలుపుదల, అని అర్థం చెప్పినా, ఆఙ్ చేరినప్పుడు చాచడం, సాగదీయడం అనే అర్థం పైకి వస్తుంది. నిడివికి ఆయామమనీ, ఊపిరిని నిడివి చేయడానికి ప్రాణాయామమనీ పేర్లు వచ్చింది ఇందువల్లనే. రెండు చేతులూ చాచినప్పటి బార కొలతను కూడా సంస్కృత నిఘంటువులు వ్యాయామ శబ్దానికి అర్థంగా ఇస్తాయి. పాణిని 'ఆఙో యమహనః' అనే సూత్రంలో, కర్మ లేనప్పుడు ఈ ధాతువుకు ఆత్మనేపదం, అనగా 'తన కోసం' అనే పేరుగల క్రియారూపం, విధించాడు. తన అవయవమే కర్మ అయినప్పుడూ ఆత్మనేపదమే రావాలని, సూత్రానికి చేర్పు అయిన వార్తికం చెప్పింది. పాణిని సూత్రాలకు వ్యాఖ్య అయిన కాశికావృత్తి ఇక్కడ రెండు ఉదాహరణలు చూపుతుంది. తన చేతిని తాను చాచేవాడి విషయంలో 'ఆయచ్ఛతే పాణిమ్' అనాలి. నూతిలోనుంచి తాడు లాగేవాడి విషయంలో 'ఆయచ్ఛతి కూపాద్రజ్జుమ్' అనాలి. ఇద్దరికీ బిగిసేది అదే భుజం. అయినా ఒకరికి ఆత్మనేపదం, ఒకరికి పరస్మైపదం, అనగా 'పరుల కోసం' అనే పేరుగల రూపం. సూత్రం క్రియారూపం కోసమే తప్ప దేహశిక్షణ కోసం పుట్టలేదని నాకు తెలుసు. అయినప్పటికీ ఒంటిని సాధించడానికి చేసే కదలికకూ, నీళ్ళ కోసం చేసే కదలికకూ భాషే ఒక గీత గీసిందన్న సంగతిని తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

వైద్యులు ఆ గీతను ఇంకా స్పష్టం చేశారు. చరకసంహిత సూత్రస్థానం ఏడవ అధ్యాయంలో 'శరీరచేష్టా యా చేష్టా స్థైర్యార్థా బలవర్ధినీ, దేహవ్యాయామసంఖ్యాతా మాత్రయా తాం సమాచరేత్' అని ఉన్నది. రెండవసారి వచ్చిన 'చేష్టా'ను మళ్ళీ అదే మాట అనుకుని దాటిపోకూడదు. 'యా చ ఇష్టా' అని విడదీస్తేనే అర్థం పొసగుతుంది: కోరి చేసేది, స్థైర్యం కోసం చేసేది, బలం పెంచేది అయిన దేహచేష్టయే వ్యాయామం, దానిని మితంగా చేయాలి. గతిలేక మోసిన మోత ఇందులోకి రాదు. సుశ్రుతుడు మాత్రం 'శరీరాయాసజననం కర్మ', అనగా ఒంటికి అలసట కలిగించే పని, అని విశాలంగా నిర్వచించాడు గనుక, మీ సహోపాధ్యాయులకు ఆయన అండ ఉన్నట్టే. కాని ఆ సుశ్రుతుడే బలంలో సగం మేరకే వ్యాయామం చేయాలని హద్దు పెట్టి, హృదయస్థానంలోని వాయువు నోటికి రావడమే ఆ సగానికి గుర్తు అన్నాడు.

ఇప్పుడు మీ గ్రీకుల దగ్గరికి వద్దాము. క్రీస్తు తరువాత రెండవ శతాబ్దంలో పెర్గమోను నగరానికి చెందిన గేలెన్ అనే వైద్యుడు, ప్రతి కదలికా వ్యాయామం కాదనీ, ఊపిరి తీరు మారేటంత తీవ్రమైనదే వ్యాయామమనీ గ్రీకు భాషలో రాశాడు. ఎక్కడి సుశ్రుతుడు, ఎక్కడి గేలెన్! ఇద్దరూ ఊపిరినే కొలబద్ద చేసుకున్నారు. తవ్వడం, దున్నడం, పడవ తెడ్డు వేయడం వంటివి పనీ కాగలవు, వ్యాయామమూ కాగలవని కూడా గేలెన్ అన్నాడు. చలికాలంలో పల్లెపట్టున చిక్కుపడినప్పుడు వ్యాయామం కోసమే కట్టెలు చీల్చామనీ, బార్లీ దంచామనీ చెప్పుకున్నాడు. అందుచేత నీళ్ళు తోడడం వ్యాయామం కానే కాదని నేను తీర్పు చెప్పలేను. అది తోడేవారి సంకల్పాన్ని బట్టి ఉంటుంది.

వ్యాయామానికి ప్రయత్నమనే అర్థం కూడా ఉన్నది. 'శమవ్యాయామౌ యోగక్షేమయోర్యోనిః' (శమమూ ప్రయత్నమూ యోగక్షేమాలకు మూలం) అన్న కౌటిల్యుడి వాక్యంలోనూ, బౌద్ధుల అష్టాంగమార్గంలోని సమ్యగ్వ్యాయామంలోనూ అర్థం అదే.

ఈనాటి వాడుక చూస్తే మాత్రం బాధ కలుగుతుంది. 'రోజూ జిమ్ చేస్తున్నాను' అంటున్నారు. జిమ్నాసియోన్ అన్నది గ్రీకులో చోటు పేరు. అక్కడ దిగంబరులై, ఒంటికి ఆలివ్ నూనె పట్టించుకుని సాధన చేసేవారు కనుక, దిగంబర వాచకమైన 'గుమ్నోస్' నుంచి ఆ పేరు వచ్చింది. ప్లేటో అకాడమీ, అరిస్టాటిల్ లైసియం మొదట అటువంటి చోట్లే. చోటికి వెళ్ళగలము గాని చోటును చేయలేము కదా! ఇక పత్రికలవారు అభ్యర్థుల ఎంపిక మీదా, మంత్రివర్గ విస్తరణ మీదా ప్రతిదినమూ 'కసరత్తు' చేయిస్తున్నారు. ఆధిక్యమనే అర్థం గల అరబ్బీ మాట ఉర్దూ మీదుగా వచ్చి, మళ్ళీమళ్ళీ చేసే సాధనకు పేరై తెలుగులో చక్కగా స్థిరపడింది. దానిని సమాలోచనకు పర్యాయపదం చేయడం అన్యాయం.

'క్రీడావిద్య' సంగతి. క్రీడ్ ధాతువుకు విహారం అర్థం. మన ప్రబంధాల్లోని జలక్రీడ, వనక్రీడ ఆ కోవలోనివే. ఒలింపియాలో సుమారు 192 మీటర్ల స్టేడియం పరుగుకైనా, క్రోటోన్ నగరపు మైలో ఆరుసార్లు గెలిచిన కుస్తీకైనా గ్రీకులు వాడిన మాట 'అగోన్', అంటే పోటీ. అక్కడ ఆలివ్ కొమ్మ కిరీటం కోసం ప్రాణాలొడ్డినవారున్నారు. దానిని విహారమనడానికి నాకు మనసొప్పదు. అయితే 'ఒలింపిక్ క్రీడలు' రూఢి అయిపోయింది, రూఢిని కాదనడం ఎవరి తరమూ కాదు. మీ వ్యాసంలో శిక్షణ చెప్పినచోట 'వ్యాయామ విద్య' అనే ఉంచండి, ఒలింపియా ప్రస్తావన వచ్చినచోట 'పోటీలు' అంటే మేలు, 'క్రీడలు' అన్నా దోషం పట్టను. మీ లేఖలో రెండుచోట్ల 'వ్యాయమం' అని పడింది. 'యా' దీర్ఘమని పిల్లలకు కూడా చెప్పండి.